పళ్ళు లేని దవడ

ఆగస్టు 3, సోమవారం, వాగే

ఈ పుస్తకం సినిమా డైరెక్టరు ఇచ్చాడు. పేరు దనంగ్, జకార్తా మనిషి, నాకు మనవడి ఈడు. "తాతా, తప్పులు కనబడితే ఇందులో రాసిపెట్టండి, తీరిగ్గా చూసుకుందాం" అన్నాడు. పొద్దుటి నుంచీ అడ్డం పడుతున్నానని నా నోరు మూయించడానికి ఇచ్చాడు. ఆ మాత్రం తెలియనివాణ్ణి కాను. ఇస్తే ఇచ్చాడు, రాస్తాను. నేను చదివింది మూడో తరగతి. ఎముకల మీద అంటించే చీటీలు తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు. నా రాత నాకు అర్థమైతే చాలు. తేదీ పక్కన మా జావా అయిదు రోజుల వారంలో ఆ రోజు పేరు కూడా వేస్తున్నాను.

ఆది మానవుల సినిమా అట. గుహ తప్పు. మా కొండల్లో గుహ ఎక్కడుంది? ఆ కాలంవాళ్ళు ఏటి ఒడ్డున బతికారు. వీళ్ళు నురుగు అట్టలతో గుహ కట్టి బూడిదరంగు పూశారు. పక్కింటి తుకియార్ మేక వచ్చి ఒక మూల కొరుక్కుతింది.

గుహ వెనకాల మొక్కజొన్న చేను కనబడుతోంది. కథేమో పది లక్షల ఏళ్ళ కిందటిది. మొక్కజొన్న మొన్న మొన్న ఓడల్లో వచ్చింది. చెప్పాను. "కంప్యూటర్లో చెరిపేస్తాం తాతా" అన్నాడు.

అన్నిటికంటే పెద్ద తప్పు బల్లులు. కొబ్బరిచెట్టంత బల్లులు మనుషుల్ని తరుముతాయట. ఆ జంతువులు తిరిగిన రోజుల్లో మా కొండ లేదు, ఏరు లేదు, అసలు జావాయే లేదు, ఇక్కడంతా సముద్రం. వాటికీ మొదటి మనిషికీ నడుమ ఆరు కోట్ల ఏళ్ళ ఎడం. మ్యూజియంలో రెత్నో అమ్మగారు వచ్చిన ప్రతి పిల్లవాడికీ చెప్పే మాట ఇది. దనంగ్ విని, "బల్లి లేకపోతే టిక్కెట్టు కొనేదెవరు తాతా?" అన్నాడు.

నాకు వేషం ఇచ్చారు. గుంపులో ముసలివాడు. వాళ్ళు వెతుక్కుంటూ వచ్చింది నా నోటి కోసం. నా నోట్లో ఒక్క పన్ను కూడా లేదు. మ్యూజియంలో ఉన్న పళ్ళు లేని దవడ దొరికింది కూడా నాకేనని వాళ్ళకు తర్వాత తెలిసింది. తెలిశాక కుర్చీ వేశారు.

ఆగస్టు 4, మంగళవారం, క్లివోన్

బట్టలు తప్పు. ఈ ఎండలో తోలు ఎవడు కప్పుకుంటాడు? నాకు కుచ్చులుగా వేలాడే బొచ్చు ఒకటి తొడిగారు. మెడ దగ్గర ఫ్యాక్టరీ చీటీ గుచ్చుకుంటోంది. హీరోయిన్ కనుబొమ్మలు దిద్దుకుంది. మగవాళ్ళంతా నున్నగా గడ్డం గీసుకున్నారు.

తుకియార్ కూడా గుంపులో ఉన్నాడు. నాకంటే ఆరేళ్ళు చిన్న. నన్ను చూసి, "అన్నా, అచ్చం మా పోతుమేకలా ఉన్నావు. పాక వైపు రాకు, ఆడమేకలు తాళ్ళు తెంపుకుంటాయి" అన్నాడు.

"నాకు బొచ్చు తొడిగితే గానీ మేకలా లేను. నువ్వు పుట్టినప్పటి నుంచీ ఉన్నావు" అన్నాను.

ఇది మా ఇంటిది సకినెం చూసి ఉంటే పొట్ట పట్టుకుని నవ్వేది.

ఆగస్టు 6, గురువారం, పాహింగ్

షూటింగు మొదలుపెట్టే ముందు ప్రార్థన చేసి పసుపన్నం గోపురం కోశారు. ఇది మాత్రం తప్పు కాదు. కొస కోసి ఊరి పెద్దకి ఇవ్వాలి కాబట్టి నాకు ఇచ్చారు. అన్నం చుట్టూ సోయాగింజలు పులియబెట్టి చేసిన టెంపే వేయించిన ముక్కలు, వేరుశెనగలు. అందరూ చూస్తున్నారని నోట్లో పెట్టుకున్నాను.

లారాసతి అని, హీరోయిన్, పక్కన కూర్చుంది. చూసింది. "మెత్తగా చేసి తెమ్మంటారా తాతా?" అని మెల్లగా అడిగింది.

"అక్కర్లేదు. నీ పళ్ళకంటే నా చిగుళ్ళు గట్టివి."

నమల్లేదు, మింగాను. తర్వాత జెనరేటరు బండి వెనక్కి వెళ్ళి దగ్గాను.

ఆగస్టు 8, శనివారం, వాగే

ఈ రోజు గొడవైంది. నా సీను ఏమిటో చదివి వినిపించమన్నాను. దనంగ్ తనే చదివాడు. గుంపు ఏరు దాటి కొత్త చోటికి వెళ్ళిపోతుంది. ముసలాయన నమల్లేడు, నడవలేడు. ఇవతలి ఒడ్డున వదిలేస్తారు. ఆయన చూస్తూ కూర్చుంటాడు. వెనక నుంచి బల్లి వచ్చి తినేస్తుంది.

"వదిలేయరు" అన్నాను.

"ఎవరు తాతా?"

"గుంపు. వదిలేసిపోరు."

"ఆది మానవులు తాతా! జాలీ గీలీ ఉండవు వాళ్ళకి. బలమున్నవాడు బతుకుతాడు, లేనివాడు పోతాడు."

"నీకెవరు చెప్పారు? నువ్వు అక్కడున్నావా?"

"మీరున్నారా?" అన్నాడు. కెమెరా కుర్రాళ్ళు, తుకియార్, అందరూ నవ్వారు.

"నేను లేను. దవడ ఉంది" అన్నాను.

చెప్పాను. బతికుండగా పన్ను ఊడితే ఆ గుంట మెల్లగా ఎముకతో పూడుతుంది. నెలలు, ఏళ్ళు పడుతుంది. చచ్చాక ఊడితే గుంట గుంటలాగే ఉండిపోతుంది. ఆ దవడ మీద ఒక్క గుంట లేదు. ఏటిలో అరిగిన రాయిలా నున్నగా ఉంటుంది. అంటే పళ్ళన్నీ పోయాక ఆ మనిషి ఏళ్ళ తరబడి బతికాడు. ఏం తిని? ఆ రోజుల్లో గంజి లేదు, అన్నం లేదు. మాంసం, దుంపలు, గట్టి గింజలు. రాతి మీద పెట్టి దంచి నోటికి అందించేవాళ్ళు లేకపోతే నెల తిరక్కుండా పోయేవాడు. వదిలేసే గుంపయితే ఆ దవడ అట్లా నున్నబడదు.

 దనంగ్ నల్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మంచి మాట తాతా. నిజంగా. కానీ ఆ సీను తీసేస్తే కథ కుంటుతుంది."

"అయితే నేను చెయ్యను. గుహ ఉంచుకో, బల్లి ఉంచుకో, ఆ మొక్కజొన్న కూడా ఉంచుకో. ఇది మార్చు. లేదా పళ్ళు లేనివాణ్ణి ఇంకొకణ్ణి వెతుక్కో."

బొచ్చు విప్పేసి ఇంటికి వచ్చాను. ఫ్యాక్టరీ చీటీ మెడకి అంటుకుని వచ్చింది.

ఆగస్టు 9, ఆదివారం, క్లివోన్

కూతురు తుమిరా కోప్పడింది. "ఇన్ని తప్పులకి ఊరుకున్నావు, ఈ ఒక్కదానికి ఇంత పట్టుదలేమిటి నాన్నా?"

 అది మిక్సీ తిప్పింది. టెంపే, ఆకుకూర, అన్నం అన్నీ ఒకే గిన్నెలో వేసి తిప్పుతుంది. దాని తప్పు లేదు. బడిలో వంట చేసి వస్తుంది, దానికి తీరిక ఉండదు. కానీ అన్నీ ఒకే రంగు, ఒకే రుచి. ఏది తిన్నానో గిన్నె కడిగేదాకా తెలియదు.

సకినెం మిక్సీ ముట్టలేదు. కర్రపెండలం వేరుగా దంచేది, టెంపే వేరుగా, కూర వేరుగా. ప్రతిదీ చివర్లో తన నాలుక మీద వేసుకుని వేడి చూసేది. టెంపేలో మాత్రం ఒకటి రెండు పలుకులు దంచకుండా వదిలేసేది. కావాలనే. నోట్లో ఏదో ఉందని నాకు తెలియడానికి. నేను చిగుళ్ళ మధ్య పెట్టుకుని చాలాసేపు తిప్పుకునేవాణ్ణి. "నములు నములు, పెద్ద పులివి" అనేది.

నలభై ఎనిమిదో ఏట నా పళ్ళు పోయాయి. నా అరవై తొమ్మిదో ఏట ఆమె పోయింది. ఇరవై ఒక్క ఏళ్ళు దంచింది.

రోలు పెరట్లోనే ఉంది.

ఆగస్టు 11, మంగళవారం, పాహింగ్

వాళ్ళు నన్ను పిలవలేదు. నేనూ వెళ్ళలేదు. దారిన పోతుంటే కనబడిందని చూశాను, అంతే. మామూలు ఏనుగుకి కొమ్ములు అతికించారు. ఆ కాలం ఏనుగు కొమ్ములు ఎంత దగ్గరగా ఉండేవంటే నడుమ తొండం పట్టేది కాదు, పక్కకి వేలాడేసుకోవలసిందే. ఎవరికీ చెప్పలేదు. పుస్తకంలో రాశాను. అడిగితే చూపిస్తాను.

ఆగస్టు 12, బుధవారం, పోన్

బుధవారం, పోన్ కలిసొచ్చాయి, సకినెం పుట్టిన రోజు. సమాధి మీద పువ్వులు వేసి వచ్చాను. 

ఆగస్టు 13, గురువారం, వాగే

దనంగ్ ఇంటికి వచ్చాడు. తనే వచ్చాడు, మనిషిని పంపలేదు. లవంగాల సిగరెట్టు పెట్టె తెచ్చాడు. గోడ మీద ఉన్న నా సర్టిఫికెట్టు చూశాడు. దవడ దొరికినందుకు మ్యూజియంవాళ్ళు ఇచ్చింది, ఫోటోతో సహా.

"మీ పేరు ఎంత పెద్ద అక్షరాలతో వేశారో తాతా!" అన్నాడు.

నేను టీ తాగాను.

"ఒక పని చేద్దాం. రెండు రకాలుగా తీస్తాను. ఒకసారి వదిలేసి పోవడం. ఒకసారి మీరన్నట్టు దంచి పెట్టడం. ఏది బాగా వస్తే అది ఉంచుతాం."

"నిజం ఏదైతే అది ఉంచు."

"నిజం బాగా వచ్చేలా మీరు చెయ్యండి తాతా. మీ చేతిలో ఉంది."

పొగరు తక్కువ కాదు వాడికి. నాకు నచ్చింది. ఒప్పుకున్నాను. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "అసలు ఆ దవడ మీకు ఎట్లా దొరికింది తాతా? అది విని తీరాలి" అన్నాడు.

మరోసారి చెప్తానన్నాను.

ఆగస్టు 15, శనివారం, లెగి

దవడ ఎట్లా దొరికిందో రాస్తాను.

ఇరవై రెండేళ్ళ కిందట, వానాకాలం. మూడు రోజులు కురిసి వెలిసింది. వాన కడిగితే వాలు మీద ఎముకలు తేలతాయి, అందుకని మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. ఇద్దరం. నేను పై గట్టు మీద, సకినెం కింద మేకలకి గడ్డి కోస్తోంది. నల్ల బంకమట్టి అడుగున, దాని పైన రాయిలా గట్టిపడిన గులకల పొర. దవడ ఆ పొరలోంచి సగం బయటికి వచ్చి ఉంది.

నేను సుత్తి ఎత్తాను. మా నాన్న నేర్పిన విద్య అది. పూర్వం ఎముకల కోసం వచ్చే దొరలు ముక్కకి ఇంతని డబ్బు ఇచ్చేవాళ్ళట, అందుకని మా ఊళ్ళో ఏది దొరికినా ముందు పగలగొట్టేవాళ్ళు. పుర్రెలు కూడా. దొరలు పోయి ఎన్నో ఏళ్ళయింది, లెక్కలు మారిపోయాయి, మా చేతులు మాత్రం మారలేదు. ఎముక కనబడితే సుత్తి లేస్తుంది.

సకినెం నా మణికట్టు పట్టుకుంది. "ఆగవయ్యా. దాని నోరు చూడు" అంది.

దొరికింది అని రాశాను. ఎవరికి దొరికిందో రాయలేదు. చెయ్యి నొప్పిగా ఉంది, రేపు రాస్తాను.

ఆగస్టు 16, ఆదివారం, పాహింగ్

రాయబోతుంటే లారాసతి వచ్చింది. మొహానికి రంగు లేదు, ఎవరో అనుకున్నాను. తుమిరా కంగారుపడి నాలుగుసార్లు టీ పెట్టింది.

"దంచడం నేర్పండి తాతా. నాకు మిక్సీ తప్ప తెలియదు" అంది లారాసతి.

పెరట్లో రోలు దగ్గర కూర్చోబెట్టాను. మూడేళ్ళుగా ఎవరూ వాడలేదు, వాననీళ్ళు నిలిచి పాచి పట్టింది. తనే కడిగింది. ఉడికిన కర్రపెండలం వేసి ఇచ్చాను. ధడధడమని దంచింది.

"అట్లా కాదు. ఎవరి మీదో కోపం ఉన్నట్టు దంచకు. నలుపు. ఆఁ, ఇప్పుడు నాలుక మీద వేసుకో. వేడి చూడు. నీకు కాలకపోతే నాకూ కాలదు."

"ఆవిడ ఇట్లాగే చేసేవారా?"

"ఇట్లాగే. కాస్త పలుకు ఉంచు. మొత్తం మెత్తన చెయ్యకు."

"ఎందుకు తాతా? పళ్ళు లేవు కదా?"

"పళ్ళు లేవు. ఆశ ఉంటుంది."

నవ్వింది. నేను నవ్వలేదు. రోకలి పక్కన పెట్టి అడిగింది, "అందరూ ఆ దవడ చూసి పాత ఎముక అనుకుంటారు. దంచి పెట్టే మనిషి ఒకరు పక్కన ఉండాలి అని మీకెలా తట్టింది?"

మామూలుగా ఈ మాట అడిగితే నా దగ్గర ఒక జవాబు ఉంది. ఇరవై రెండేళ్ళుగా చెప్తున్నాను. రెత్నో అమ్మగారికి చెప్పాను, సోలో పట్నం నుంచి వచ్చిన విద్యార్థులకి చెప్పాను, ఒకసారి టీవీవాళ్ళకి చెప్పాను. పెద్ద చదువులవాళ్ళు తలలూపారు, మూడో తరగతి మనిషికి ఎంత చూపో అన్నారు. ఆ జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల చేతికి కర్రపెండలం అంటుకుని ఉంది.

"నాకు తట్టలేదు" అన్నాను.

చెప్పేశాను. దవడ చూసింది సకినెం. గడ్డి కోస్తూ చూసింది, నన్ను పిలిచింది. నేను పై నుంచి దిగి వచ్చి చేసిన పని సుత్తి ఎత్తడం ఒక్కటే. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, బొటనవేలితో పళ్ళుండే చోట తడిమి, నా మొహం చూసి నవ్వింది. "నీ నోరే అయ్యా ఇది. చూడు ఎంత నున్నగా ఉందో. వీడికీ ఒకతె ఉండేదన్నమాట, నాలాగా దంచలేక చచ్చిన మనిషి." అంతే. పదిమంది చదువుకున్నవాళ్ళు మెచ్చుకున్న మాట అదే.

మ్యూజియంలో అప్పుడు వేరే పెద్దాయన ఉండేవారు. ఎవరికి దొరికింది అన్నారు. సకినెం నా వెనకాల గంప పట్టుకుని నిలబడి ఉంది. నాకు అన్నాను. ఆయన నా వైపే చూసి అడిగారు, అందుకని నాకు అన్నాను. తర్వాత ఆమె అన్న మాట కూడా నా మాటలాగే చెప్పాను. ఫోటో తీశారు. తిరిగి వస్తుంటే దారిలో, "ఫోటోకి నోరు మూసుకున్నావేం? తెరిచి ఉంటే దవడకీ నీకూ పోలిక తెలిసేదిగా" అని ఇంటిదాకా నవ్వింది.

మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. పంతొమ్మిదేళ్ళు. ఒక్కసారి తిట్టి ఉంటే సరిపోయేది.

 లారాసతి మిగిలింది గిన్నెలోకి తీసి నా చేతికి ఇచ్చింది. తిన్నాను. కొంచెం ఎక్కువ నలిగింది.

ఆగస్టు 18, మంగళవారం, వాగే

సీను తీశారు.

మొదట వదిలేసి పోవడం. ఒడ్డున కూర్చున్నాను. నా వెనక ఒక కుర్రాడు వెదురుగడ చివర టెన్నిస్ బంతి కట్టి పట్టుకున్నాడు. అది బల్లి తల. కెమెరా నా మొహం మీద ఉంది. గుంపు ఏరు దాటింది. ఆఖర్న తుకియార్ వెనక్కి తిరిగి నాకు చెయ్యి ఊపాడు.

దనంగ్ అరిచాడు. "బాబాయ్! వదిలేసిపోతున్నారు మీరు! బస్సెక్కి పోవడం లేదు!"

"అలవాటయ్యా. పక్కింటాయన కదా, చెప్పకుండా ఎట్లా పోను?" అన్నాడు తుకియార్.

మళ్ళీ తీశారు. ఈసారి ఎవరూ తిరగలేదు. అందరి వీపులు. మోకాలు లోతు నీళ్ళు. అవతల గట్టెక్కి చెట్లలోకి పోయారు. నేను చూస్తూ కూర్చోవాలి, అంతే నా పని. చూశాను. వాళ్ళు నా ఊరివాళ్ళే, అవతల టీ తాగుతూ ఉంటారు, నాకు తెలుసు. అయినా ఆ గట్టు మీద సకినెం కట్టే పాత పూల బట్ట అంచు కనబడుతుందేమోనని చూశాను.

దనంగ్ దగ్గరికి వచ్చి మెల్లగా, "తాతా, చాలా బాగా వచ్చింది. భయం వేసింది నాకు" అన్నాడు. బాగా వచ్చినందుకు నాకే కోపం వచ్చింది.

తర్వాత రెండోది. లారాసతి ఏరు మధ్య నుంచి తిరిగి వచ్చింది. రాతి మీద దుంప నలిపింది. నలిపింది, కోపంగా దంచలేదు. నాలుక మీద వేడి చూసుకుంది. నా నోటి దగ్గరికి తెచ్చింది. పలుకు తగిలింది. మరిచిపోలేదు ఆ పిల్ల.

నమిలాను. దనంగ్ కట్ అన్నాడు. నేను ఆపలేదు.

ఆగస్టు 19, బుధవారం, క్లివోన్

దనంగ్‌ని పక్కకి పిలిచాను. "సినిమా చివర పేర్లు వేస్తారుగా?"

"మీ పేరు రాయించేశాను తాతా. దవడను కనుగొన్న సాదిమిన్ గారికి కృతజ్ఞతలు అని."

"తీసెయ్. సకినెం అని వెయ్యి. దవడ ఆవిడకి దొరికింది."

"ఆవిడ ఎవరు?"

"నా భార్య."

నా వైపు చూశాడు. "మరి మ్యూజియం బోర్డు మీద..."

"బోర్డు సంగతి నీకెందుకు? నీ సినిమా సంగతి చూసుకో. పేరు తప్పు లేకుండా రాయించు."

కలం తీసి అరచేతి మీద రాసుకున్నాడు. అక్షరాలు నేను చెప్పాను, ఒక్కొక్కటే.

మంచి పని చేశాను. పేర్లు ఎవరూ చదవరు. కుర్చీల్లోంచి లేచి చెప్పులు వెతుక్కుంటారు. చూడవలసినవాళ్ళు చూస్తే చాలు, ఊళ్ళో అల్లరి కాదు. రెండు వైపులా సరిపోయింది.

ఆగస్టు 22, శనివారం, పోన్

లారీలు వెళ్ళిపోయాయి. గుహని తుకియార్ అడిగి తీసుకుని మేకల పాకకి పైకప్పు వేశాడు. మేకలు తింటున్నాయి.

పుస్తకం ఎవరూ అడగలేదు.

ఫిబ్రవరి 20, శనివారం, క్లివోన్

మ్యూజియం హాల్లో పొద్దున్న పది గంటలకి ఊరివాళ్ళందరికీ సినిమా వేశారు. రెత్నో అమ్మగారు నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. పక్కన తుమిరా, వెనక తుకియార్, వాడి ఇల్లంతా.

మొక్కజొన్న చెరిపారు, ఒకచోట మరిచారు. ఏనుగు తొండం అట్లాగే ఉంది. రెండు రాళ్ళు కొడితే గ్యాసుపొయ్యిలా మంట లేచింది. బల్లి వచ్చినప్పుడు వెనక వరసలో కేకలు. రెత్నో అమ్మగారు రెండు చేతులతో మొహం కప్పుకున్నారు, భయంతో కాదు.

నా సీను వచ్చింది. దనంగ్ రెండూ కలిపేశాడు. గుంపు ఏరు దాటి పోయింది. అందరి వీపులు. నేను చూస్తూ కూర్చున్నాను, నా మొహం గోడంత ఉంది. తర్వాత లారాసతి ఒక్కతే నీళ్ళలోంచి వెనక్కి తిరిగింది. వచ్చి నలిపి పెట్టింది. మూడు ముద్దలు. నాలుగో ముద్దకి బల్లి వచ్చి నన్ను తినేసింది.

"బాగా నమిలావన్నా! బల్లి ఆగి చూసింది!" అన్నాడు తుకియార్. నేను పట్టించుకోలేదు. మూడు ముద్దలు ఉంచాడు దనంగ్.

పేర్లు మొదలయ్యాయి. అనుకున్నట్టే అందరూ లేచారు. తుమిరా సంచి భుజాన వేసుకుంది. పేర్లు పైకి పరుగెడుతున్నాయి, నా చదువుకి అందవు. ఒక వరస మొదలు పట్టుకునేసరికి అది పైకి పోయి ఇంకొకటి వస్తోంది. ఆమె పేరు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, ఆ ఆకారం కోసం చూస్తున్నాను. రెప్ప వేస్తే పోతుందేమోనని వెయ్యడం లేదు, కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

రెత్నో అమ్మగారు లేవలేదు. మ్యూజియం పేరు ఎక్కడ వేశారో చూద్దామని కూర్చున్నారట. గట్టిగా చదివారు. "పళ్ళు లేని దవడను కనుగొన్న సకినెం గారికి కృతజ్ఞతలు." చదివి, "ఇదేమిటి?" అన్నారు.

సగం దాకా వెళ్ళినవాళ్ళు ఆగారు. నేను ఆ వరస చూడనే లేదు. అప్పటికే పైకి పోయింది.

"తాతా, సకినెం గారంటే మీ ఇంటావిడే కదా? బయట మా బోర్డు మీద సాదిమిన్ అని ఉంది. ఏది సరైనది?"

నేను జవాబు చెప్పేలోపు తుకియార్ అందుకున్నాడు. "సినిమావాళ్ళమ్మా! బల్లుల దగ్గర్నుంచి పేర్లదాకా అన్నీ తప్పులే. మా అన్నని అడగండి, పుస్తకం నిండా రాశాడు!"

అందరూ నవ్వారు. రెత్నో అమ్మగారు కూడా నవ్వి బ్యాగు తీసుకున్నారు. అయిపోయింది. నేను తల ఊపితే చాలు. గోడ మీద ఫోటో ఉంటుంది, బోర్డు ఉంటుంది, నా కుర్చీ నాకు ఉంటుంది.

లేచి నిలబడ్డాను. తుమిరా భుజం పట్టుకున్నాను.

"ఆ సినిమాలో అన్నీ తప్పులే. ఆ ఒక్క పేరు తప్పు కాదు. తప్పు మీ బోర్డు" అన్నాను.

 తుమిరా భుజం నా చెయ్యి కింద బిగుసుకుంది.

"అంటే చూసింది ఆవిడా?" అన్నారు రెత్నో అమ్మగారు.

"ఆవిడే."

"సరే తాతా. ఇద్దరూ కలిసి వెళ్ళారు, ఆవిడకి కనబడింది. కానీ ఆ మాట మీదే కదా? ఎవరో దంచి పెట్టి ఉంటారన్న మాట. నేను పిల్లలకి మీ పేరు చెప్పి మరీ చెప్తాను."

అది మాత్రం నాకు వదిలేస్తున్నారు. మంచి మనిషి. తీసుకోవచ్చు.

"అది కూడా ఆవిడదే."

రెత్నో అమ్మగారు బ్యాగు మళ్ళీ కుర్చీలో పెట్టారు. కోపం లేదు. వెనకాల తెర తెల్లగా ఉంది, పేర్లన్నీ అయిపోయాయి.

"చూసింది ఆవిడ, చెప్పింది ఆవిడ. మరి మీరేం చేశారు తాతా?"

"తిన్నాను" అన్నాను. "ఇరవై ఒక్క ఏళ్ళు."